పాతపట్నం ఇవతల, అఫ్లావ్ అవతల

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఎం.ఎ. భూగోళశాస్త్రం పాఠాలన్నీ ఇంగ్లీషు. చివరి ఏడాది 'అభివృద్ధి చెందుతున్న ప్రాంతాల మానవ భూగోళం' అనే పేపరులో ఒక్కొక్కరం ఒక్కో ప్రాంతం తీసుకుని నలభై పేజీల వ్యాసం రాయాలి. చీట్లు తీస్తే నాకు పశ్చిమాఫ్రికా వచ్చింది. నేను విశాఖపట్నం దాటి ఎక్కడికీ వెళ్లలేదు. రెండు నెలలుగా దేశాల పేర్లు, రాజధానులు, పంటలు, జనాభా బట్టీ పడుతున్నాను. సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండడం లేదు. ఒక పుస్తకంలో ఉన్న అంకె ఇంకో పుస్తకంలో ఉండదు. చదివినకొద్దీ కరువు, యుద్ధం, పేదరికం తప్ప ఏమీ కనబడక మనసు బరువెక్కుతోంది. మా నాన్నగారికి బట్టల కొట్టు ఉంది. "చూడని దేశం గురించి రాసి ఎవరికి చూపిస్తావు?" అంటారు. గైడును బతిమాలి మా గజపతి జిల్లాకు మార్చుకోనా?

– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

సమాధానం: మార్చుకోవద్దు తల్లీ. ఉత్తరంలో "మాస్టారూ" అన్నావు కనుక చనువు తీసుకుని "నువ్వు" అంటున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ సరిహద్దు కాలేజీల్లో భూగోళం చెప్పినవాడిని. సొంత జిల్లా మీద పిల్లలు రాసిన వ్యాసాలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. వాటిలో చాలావరకు గెజిటీరు పుటలకు నకళ్లే. బద్ధకం కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం, రోజూ చూసేదాన్ని ఎవరూ ప్రశ్నించరు. "మా ఊళ్లో వారానికోసారి సంత జరుగును" అని రాస్తారు గాని, ఆ రోజే ఎందుకో, పక్క ఊరి సంత మర్నాడే ఎందుకో అడగరు. చూడని చోటు గురించి రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ప్రతిదీ అడిగి తెలుసుకోవలసిందే. ఆ చీటీ నీకు మేలే చేసింది.

అయితే పశ్చిమాఫ్రికా మొత్తాన్ని నెత్తిన పెట్టుకోకు. ఐక్యరాజ్య సమితి లెక్కన అందులో పదహారు దేశాలు. విస్తీర్ణం మన దేశానికి రెండింతలకు దగ్గర. నలభై పేజీల్లో పదహారు దేశాలంటే దేశానికి రెండున్నర పేజీలు. ఆ రెండున్నర పేజీల్లో రాజధాని, పంట, జనాభా తప్ప ఇంకేం పడతాయి? నీకు గుర్తుండకపోవడంలో నీ తప్పేమీ లేదు. పందిరి లేని తీగ నేల మీదే పడి ఉంటుంది. అంకెలూ అంతే, అల్లుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటేదో నువ్వు వెతుక్కుంటే ఇంకో రెండు నెలలు పోతాయి కనుక నేనే చెప్పేస్తాను: లోమే.

అట్లాసు తెరువు. గినియా సింధుశాఖ ఒడ్డున టోగో అనే సన్నటి దేశం కనిపిస్తుంది, గోడకు కొట్టిన బద్దలా నిలువుగా. సముద్రం వైపు దాని వెడల్పు యాభై, అరవై కిలోమీటర్లే. దాని రాజధాని లోమే ఆ తీరానికి పడమటి కొసన, ఘనా సరిహద్దును ఆనుకుని ఉంది. కొన్ని వీధులు నడిస్తే దేశం మారిపోతుంది. గీతకు అవతల ఉన్న ఘనా ఊరి పేరు అఫ్లావ్. ఇప్పుడు మీ ఊరు తలచుకో. జిల్లా కేంద్రం, ఉండడం మాత్రం రాష్ట్రం అంచున. ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రలోని పాతపట్నం. కొట్ల మీద బోర్డుల లిపి మారుతుంది, బస్సు రంగు మారుతుంది, బేరమాడే గొంతు మాత్రం అదే. నుదుట లోమే రాసిపెట్టి ఉన్న పిల్ల గజపతి జిల్లాకు మారుస్తానంటే నాకు నవ్వొచ్చింది.

ఒక రాజధాని దేశం నడుమ లేకుండా అంచున ఎందుకు కూర్చుంది? నీ వ్యాసానికి ఇదే మొదటి ప్రశ్న కావచ్చు. జవాబు సుంకంలో ఉంది. 1874లో బ్రిటిషువాళ్లు వోల్టా నదికి తూర్పున ఉన్న కేటా తీరాన్ని తమ గోల్డ్ కోస్టులో కలుపుకుని, దిగుమతి సరుకుల మీద సుంకం బిగించారు. అది ఎగ్గొట్టాలనుకున్న వర్తకులు బ్రిటిషు హద్దు దాటి ఇసుక తీరం మీద కొట్లు పెట్టుకున్నారు. లోమే అలా పెరిగింది. 1884లో జర్మన్లు టోగో తమదని ప్రకటించారు. 1897లో రాజధానిని లోమేకి మార్చారు. పర్లాకిమిడి కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది: జమీందారీ కేంద్రంగా ఊరు ముందే ఉంది, ఒడిశా వేరు రాష్ట్రమైన 1936 ఏప్రిల్ 1న గీత వచ్చి దాని పక్కన పడింది. అంటే రెండూ అంచు ఊళ్లే అయినా ఒకచోట గీత ఊరిని పుట్టించింది, ఇంకోచోట ఊరి మీదికి వచ్చి పడింది. ఈ తేడా పట్టుకున్నావంటే రెండు పేజీలు చకచకా నడుస్తాయి.

ఆ గీత కదిలిన తీరు కూడా చూడు. అటూ ఇటూ ఉన్నది ఎవే భాష మాట్లాడే జనం. 1914 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధం మొదలైన నెలలోనే, బ్రిటిషు, ఫ్రెంచి సేనలు జర్మన్ టోగోను పట్టుకుని తర్వాత పంచుకున్నాయి. పడమటి ముక్క బ్రిటన్‌కు, లోమేతో కలిసి తూర్పు ముక్క ఫ్రాన్సుకు. ఎవే జనం మధ్యలో చీలిపోయారు. 1956 మేలో బ్రిటిషు ముక్కలో జనాభిప్రాయం అడిగారు. మొత్తం మీద దాదాపు 58 శాతం గోల్డ్ కోస్టులో కలవడానికి ఒప్పుకున్నారు. కాని ఎవేలు ఎక్కువగా ఉన్న దక్షిణ జిల్లాల్లో మెజారిటీ వద్దంది. లెక్క మొత్తం మీద చూశారు కనుక ఆ ముక్క 1957 మార్చి 6న స్వతంత్ర ఘనాలో భాగమైపోయింది. ఫ్రెంచి ముక్క 1960 ఏప్రిల్ 27న టోగో దేశమైంది. మొత్తం లెక్కలో గెలిచినవాళ్లు దక్షిణ జిల్లాల లెక్కలో ఓడారు. ఏ హద్దు లోపల లెక్కపెడుతున్నామన్నదే సగం జవాబని పాఠ్యపుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తారు. నీకు ఈ ఒక్క ఓటింగు చాలు.

మన దగ్గర 1936లో ఓటు అడగలేదు. పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణ గ్రంథం తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు గీత పడిన 1936లోనే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇది మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటావు. ఇలాంటి సంగతులు విని పెరిగినదానివి కనుకే, హద్దు అనేది పటం మీద సిరాచార ఒక్కటే కాదని నీకు ఎవరూ నూరిపోయక్కర్లేదు. మైదానం మధ్యలో పెరిగిన పిల్లలకు ఇది చెప్పడానికి నాకు ఒక టర్మంతా పట్టేది.

ఎవేల పండుగ ఒకటి ఉంది, హోగ్బెట్సోట్సో అంటారు. ఘనాలోని ఆన్లోగా పట్టణంలో నవంబరు మొదటి శనివారం చేస్తారు. ఈ రూపంలో 1962లో మొదలైంది. పూర్వం తమ పెద్దలు నోట్సే అనే ఊళ్లో క్రూరుడైన రాజు కింద ఉండేవారని, ఒక రాత్రి కోటగోడ కూల్చి బయటపడ్డారని చెప్పుకుంటారు. వెంటపడేవాళ్లకు జాడ తెలియకుండా వెనక్కి నడుస్తూ వచ్చారట, అడుగులు చూస్తే ఎవరో ఊళ్లోకి వచ్చినట్టే కనిపించేలా. ఆ నోట్సే ఇప్పుడు టోగోలో ఉంది. అంటే ఘనా పౌరులు ఏటా ఊరంతా కలిసి తలచుకునే పుట్టింటి కథ పొరుగు దేశంలో జరిగింది. నిన్ను కరువు లెక్కలు బరువెక్కించాయన్నావు. ఈ పండుగ మీద ఒక పేజీ రాసి చూడు. ఆ మనుషులు అంకెల్లోంచి బయటికి వస్తారు, వెనక్కి నడుస్తూనే అయినా.

ఇప్పుడు గట్టిగా చెప్పవలసిన మాట. నీ వ్యాసం నిలిచేదీ కూలేదీ దీని మీదే. మీ ఊరు నీకు ప్రశ్నలు ఇస్తుంది, జవాబులు ఇవ్వదు. జవాబులు లోమే నుంచే రావాలి. "మా దగ్గరా ఇంతే" అని రాయాలనిపించిన ప్రతిసారీ కలం ఆపి, నిజంగా అంతేనా అని చూడు. సగం సార్లు కాదు.

ఒక పూట పని చెబుతాను. పుస్తకాలు కట్టిపెట్టి, పొద్దున్నే పాతపట్నం వెళ్లే రోడ్డు పక్కన ఒక టీ కొట్టులో కూర్చో. రెండు గంటలు. ఏం దాటుతోందో రాసుకో. మనుషులు ఎందుకు వెళ్తున్నారు, ఆసుపత్రికా, కాలేజీకా, పెళ్లిచూపులకా. సరుకు ఎటు నుంచి ఎటు పోతోంది, అటు ఖరీదెంత, ఇటు ఖరీదెంత. ఆంధ్ర నంబరు బళ్లు మన వైపు బంకులో ట్యాంకు నింపించుకోవడం నీకు కొత్త కాదు, పన్ను తేడా వల్ల ఒడిశాలో పెట్రోలు చవక. 2024–25 సీజనులో ఒడిశా ప్రభుత్వం ధాన్యానికి 2,300 మద్దతు ధర మీద 800 కలిపి క్వింటాలుకు 3,100 ఇచ్చింది. ధర ఎటు ఎక్కువైతే ధాన్యం లారీ ముక్కు ఎటు తిరుగుతుందో కొట్టు నడిపే ఇంటి పిల్లకు నేను చెప్పాలా? ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు గినియా తీరానికి వెళ్లు, అవే ప్రశ్నలతో.

అక్కడ పెట్రోలు సంగతి చూస్తే ముక్కున వేలేసుకుంటావు. టోగోకు తూర్పున బెనిన్, దానికి తూర్పున నైజీరియా. నైజీరియాలో ప్రభుత్వ రాయితీ వల్ల ఏళ్ల తరబడి పెట్రోలు కారుచవకగా దొరికేది. అది మోటారు సైకిళ్ల మీద, పడవల్లో దొంగతనంగా బెనిన్‌లోకి వచ్చేది. అక్కడ దాని పేరు క్పాయో. అసలుది కానిది అని అర్థం. రోడ్డు పక్కన బల్ల మీద గాజు సీసాలు వరుసగా పేర్చి ఉంటాయి, లీటరు సీసాలు, రెండు లీటర్లవి, పక్కనే పెద్ద గుండ్రటి గాజు కూజాలు. బండి ఆపగానే గరాటు పెట్టి పోసేస్తారు. ఎండ పడితే ఆ సీసాలు తేనె రంగులో మెరుస్తాయి. ఒక్క నిప్పురవ్వ చాలు, ఇల్లూ మనుషులూ కాలిపోయిన ప్రమాదాలూ ఉన్నాయి. 2023 మే 29న నైజీరియా కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణ స్వీకారం రోజునే రాయితీ అయిపోయిందన్నాడు. అక్కడ ధర రెండున్నర రెట్లు దాటింది, కొద్ది రోజుల్లోనే బెనిన్ రోడ్ల మీద సీసాల ధర కూడా మండిపోయింది. ఒక దేశం చేసిన ప్రకటన మరో దేశపు టీ కొట్టు దగ్గర బల్ల మీద కనిపిస్తే, దానికి మించిన మానవ భూగోళం ఏముంటుంది? కోకో గింజలదీ ఇదే కథ. ఘనా, ఐవరీ కోస్టు ప్రభుత్వాలు సీజనుకు ధర కట్టేస్తాయి, గింజలు ఎక్కువ ధర ఉన్న వైపుకు రాత్రిళ్లు జారిపోతాయి. దాన్ని నువ్వే తవ్వుకో.

ఇంతవరకు పోలికలు కలిశాయి కదా అని సంబరపడకు. కలవని చోట్ల నేనే బోర్లా పడ్డాను. ఎం.ఎ. పరీక్షలో గినియా తీరం గురించి రాస్తూ "సముద్రతీరం కనుక అధిక వర్షపాతం, దట్టమైన అడవులు" అని ధీమాగా రాశాను. మహేంద్రగిరి కింద పెరిగిన బుద్ధి, సముద్రం దగ్గరైతే వాన ఎక్కువనుకుంది. తర్వాత వర్షపాత పటం చూసి సిగ్గుపడ్డాను. ఘనా పడమటి తీరంలో ఆక్సిమ్ దగ్గర ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటే వాన, తూర్పుకు వచ్చేసరికి అక్రాలో 800కు అటూ ఇటూ. మన గజపతి జిల్లా కంటే ఎంతో తక్కువ. అక్రా నుంచి లోమే మీదుగా బెనిన్ వరకు అడవి తెగిపోయి గడ్డిభూమి ఏకంగా సముద్రందాకా వస్తుంది. దీనికి దహోమీ అంతరం అని పేరు. వాన కూడా మనలా ఒకే విడత కాదు, తీరంలో రెండు విడతలు. శీతకాలంలో సహారా వైపు నుంచి హర్మట్టన్ గాలి దుమ్ము మోసుకొస్తుంది, పెదాలు పగులుతాయి, ఎండ మసకేస్తుంది. పంట ఏది, ఎప్పుడు, ఇల్లు ఎలా కట్టుకుంటారు అన్నవన్నీ దీని మీద ఆధారపడతాయి కనుక వాన పటం మొదటి వారంలోనే గోడకు అంటించు. నా మార్కులు ఎన్ని పోయాయో అడగకు.

రైలు సంగతి. మన నౌపడ–పర్లాకిమిడి చిన్న లైను రాజావారి పూనికతో 1900లో వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల గేజి. నేను దాని మీదే కాలేజీకి వెళ్లేవాడిని, మలుపుల దగ్గర దిగి పక్కనే నడవవచ్చని తోటివాళ్లు వేళాకోళమాడేవారు. 2011లో బ్రాడ్‌గేజి అయింది. టోగోలో జర్మన్లు వేసిన లైన్లకు సరుకు పేర్లే ఉన్నాయి. 1905లో తీరం వెంట కొబ్బరి లైను, 1907లో క్పాలిమేకి కోకో లైను, ఆ తర్వాత అటాక్పామే వైపు పత్తి లైను. మూడూ లోమే రేవు దగ్గరే కలిసేవి. ఒక్కటీ ఘనా రైళ్లతో కలవలేదు. ఊళ్ల మధ్య తిరగడానికి కాకుండా లోపలి సరుకు ఓడకెక్కించడానికి వేసిన పట్టాలని పేర్లే చెబుతున్నాయి. రోడ్డు మీద ఇంకో తమాషా. బ్రిటిషు అలవాటు ప్రకారం ఘనాలో బళ్లు ఎడమ పక్కన, ఫ్రెంచి అలవాటు ప్రకారం టోగోలో కుడి పక్కన నడిచేవి. 1974 ఆగస్టు 4న ఘనా కూడా కుడి పక్కకు మారిపోయింది. అంతవరకు అఫ్లావ్ గేటు దాటగానే డ్రైవరు పక్క మార్చుకోవలసిందే.

వలసల దగ్గర మరీ జాగ్రత్త. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్లు లేని వీధి మన వైపు తక్కువ. బర్కినా ఫాసో నుంచి ఐవరీ కోస్టు కోకో తోటలకు తరాలుగా కూలీలు వెళ్తున్నారని చదవగానే "ఇదీ సూరత్ లాంటిదే" అనిపిస్తుంది. బర్కినా చరిత్ర చూడు: ఫ్రెంచివాళ్లు 1919లో అప్పర్ వోల్టా పేరుతో దాన్ని ప్రత్యేక కాలనీ చేశారు, 1932లో ముక్కలు చేసి పొరుగు కాలనీలకు పంచారు, 1947లో మళ్లీ అతికించారు. కూలీ కదలకపోయినా అతని హద్దు కదిలింది. స్వాతంత్ర్యం వచ్చాక కాలనీల హద్దులు దేశాల సరిహద్దులయ్యాయి. సూరత్‌లో బరంపురం మనిషికి గది దొరకకపోవచ్చు, కూలి ఎగ్గొట్టవచ్చు, కాని నువ్వు ఈ దేశస్థుడివేనా అని ఎవరూ ఓటు తీసేయరు. ఐవరీ కోస్టులో 1990లలో అసలైన ఐవేరియన్ ఎవరన్న వాదం రాజకీయాల్లోకి వచ్చింది. తోటలు పెంచినవాళ్ల పౌరసత్వమే ప్రశ్న అయింది. 2002లో మొదలైన అంతర్యుద్ధానికి అది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఒకే ప్రశ్న, రెండు జవాబులు. ఈ అధ్యాయానికి ఐదారు పేజీలు కేటాయించు, తక్కువ చేయకు.

అంకెలు కలవడం లేదన్నావు. కలవవు. నైజీరియా కథ విను. అక్కడ 1962 జనగణన రద్దయింది, 1963లో మళ్లీ లెక్కపెడితే గొడవైంది, 1973ది పక్కన పడేశారు. తలల లెక్కను బట్టే సీట్లు, నిధుల వాటా కనుక ప్రతి ప్రాంతానికీ తమ లెక్క పెరగాలి. 2006లో మతం, తెగ అడగకుండానే లెక్కపెట్టారు. 14 కోట్లు వచ్చింది. ఒక్క లాగోస్ రాష్ట్రానికే జాతీయ లెక్క 90 లక్షలకు పైన, ఆ రాష్ట్రం సొంతంగా లెక్కించుకుంటే కోటీ డెబ్భై లక్షలు దాటింది! ఇవాళ నువ్వు చూసే 23 కోట్లు ఆ పాత పునాది మీద కట్టిన అంచనా. నవ్వుకోకు, మనకూ 2011 తర్వాత జనగణన లేదు, 2027కు వాయిదా పడింది. ఘనా మాత్రం 2021లో లెక్కపెట్టుకుంది, 3 కోట్ల 8 లక్షలు. కనుక ప్రతి అంకె పక్కన ఎవరు లెక్కపెట్టారో, ఏ ఏడాదో రాయి. ఊళ్ల విస్తరణ లెక్కలకు ఆఫ్రికాపోలిస్, జనాభిప్రాయ సర్వేలకు ఆఫ్రోబారోమీటర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత పుస్తకాల్లో పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్‌కు పదిహేను సభ్యదేశాలని ఉంటుంది. 2025 జనవరి 29న మాలి, బర్కినా ఫాసో, నైజర్ బయటికి వచ్చేశాయి, ఇప్పుడు పన్నెండు.

పేదరికం గురించి ఒక్క మాట. ప్రపంచ బ్యాంకు వర్గీకరణలో ఘనా, ఐవరీ కోస్టు, సెనెగల్ మన దేశం ఉన్న అరలోనే ఉన్నాయి, దిగువ మధ్య ఆదాయ దేశాలని. కొండ మీద సవర ఊళ్లకు వెళ్లి వచ్చిన పిల్లవు, జాలితో రాసిన నివేదికలు ఎలా ఉంటాయో చదివే ఉంటావు. మన గురించి ఎవరైనా అలా రాస్తే ఎలా ఉంటుందో గుర్తుంటే చాలు.

భాషకు భయపడకు. టోగో కాగితాలు ఫ్రెంచిలో ఉంటాయి, అనువాద యంత్రం పెట్టుకో, పేర్లు మాత్రం చేత్తో సరిచూడు. ముందు తెలుగులోనే రాసుకుని తర్వాత ఇంగ్లీషులో పెట్టు. తెలుగులో చెప్పలేని వాక్యం నీకు అర్థం కాలేదన్నమాట.

చివరికి మీ నాన్నగారి ప్రశ్న. ఆయనకు లోమే బట్టల బజారు గురించి చెప్పు, కొట్టు మూసే వేళకు కూడా కదలరు. ఆ తీరమంతా కట్టే రంగురంగుల మైనపు అద్దకం బట్ట అసలు జావా బాటిక్‌కు నకలు. డచ్చివాళ్లు యంత్రాల మీద తయారుచేస్తే జావాలో అంతగా పోలేదు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గోల్డ్ కోస్టులో విరగబడి పోయింది. లోమేలో ఆ వ్యాపారం చేసింది ఆడవాళ్లు. ఏ డిజైను ఎవరు అమ్మాలో హక్కులు తీసుకుని, డిజైన్లకు తామే పేర్లు పెట్టి, పక్క దేశాల వర్తకులను లోమేకి రప్పించుకున్నారు. 1960, 70లలో వాళ్లు బెంజి కార్లలో తిరిగేవారు, అందుకే నానా బెంజ్ అని పేరు. అక్కడ నానా అంటే అమ్మ, అమ్మమ్మ. మన బజార్లలో గల్లాపెట్టె దగ్గర మగవాళ్లే కూర్చుంటారు కదా, ఆ అలవాటుతో లోమేని చూస్తే ఏమీ అర్థం కాదు. 1994 జనవరిలో అక్కడ చెల్లే డబ్బు, సీఎఫ్‌ఏ ఫ్రాంకు, విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించారు. దిగుమతి బట్ట ఖరీదు రెట్టింపైంది. తర్వాత చైనా నకళ్లు వచ్చాయి. నానా బెంజ్‌ల వైభవం తగ్గింది. అరువు మీద సరుకు తెచ్చిన వర్తకుడికి రాత్రికి రాత్రి ధర మారితే ఏమవుతుందో ఆ అధ్యాయం మీ నాన్నగారి చేత చెప్పించుకుని రాయి, ఏ ప్రొఫెసరూ అంత బాగా చెప్పలేడు.

ఇంకొకటి కూడా అడుగు. మన చీరాల పరిసరాల మగ్గాల మీద నేసిన గళ్ల బట్ట మద్రాసు రుమాళ్ల పేరుతో నైజీరియాకు ఓడల్లో వెళ్లేది. అక్కడి కలబారీలు అనే జనం ఆ గళ్లలో కొన్ని దారాలను కత్తితో తెంపి లాగేసి కొత్త నమూనా తీసి కట్టుకుంటారు. ఆ రుమాళ్ల తాన్లు మన పాత వర్తకులెవరైనా చూశారేమో, గుర్తున్న పెద్దవాళ్లు ఉంటే ఏమంటారో రాసి పంపు. పాతపట్నం రోడ్డు మీద రాసుకున్న కాగితం కూడా జతచెయ్యి. నా దగ్గర మంచి ఆఫ్రికా అట్లాసు ఒకటి ఉంది, వచ్చి తీసుకెళ్లు, వ్యాసం ఇచ్చేశాక తిరిగి ఇద్దువు గాని.